ఇంటి రక్షణకు తుపాకీ: ముందు గోడ, తర్వాత తూటా, ఆ తర్వాతే ఆయుధం

విశాఖపట్నంలో ఇంటి రక్షణ కోసం తుపాకీ లైసెన్సు తీసుకోదలచినవారు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: రివాల్వర్ కొనాలా, చిన్న సీసపు గుండ్లను గుంపుగా వదిలే పన్నెండు బోర్ తుపాకీ కొనాలా? ఈ ప్రశ్నకు సమాధానం ఉంది, దానిని వివరంగానే చెబుతాను. కానీ దానికంటే ముందు తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. మీరు పేల్చిన గుండు దొంగకు తగలకపోతే, లేదా తగిలి కూడా అతని శరీరం దాటి పోతే, అది ఎక్కడ ఆగుతుంది? ఆ చోట రాత్రి రెండు గంటలకు ఎవరు పడుకుని ఉంటారు? ఆయుధం ఎంపిక, తూటా ఎంపిక, చివరికి అసలు ఆయుధం కొనాలా వద్దా అన్న నిర్ణయం కూడా ఈ రెండు ప్రశ్నల మీదనే ఆధారపడాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ నమ్మకానికి మూలం మా ఇంట్లోనే ఉంది. నర్సీపట్నం దగ్గరి మా ఊళ్లో, నా చిన్నతనంలో, మా నాన్నగారు అడవిపందుల నుంచి చెరకు తోటను కాపాడుకోవడానికి లైసెన్సుతో ఒక డబుల్ బ్యారెల్ తుపాకీ, అంటే జంట గొట్టాల తుపాకీ, ఉంచుకునేవారు. ఒక రాత్రి తోట నుంచి తిరిగివచ్చి, వసారాలో కూర్చుని తూటాలు తీస్తుండగా ఒక గొట్టం పేలింది. ఎదురుగా ఉన్నది మట్టి మెత్తిన వెదురు తడిక. దాని అవతల మా మేనత్త పడుకుని ఉంది. తూటాలోని చిన్న సీసపు గుండ్లు, అంటే పెల్లెట్లు, ఆమె మంచానికి జానెడు పైగా వెళ్లి, గోడవారన ఉన్న బియ్యం డబ్బాకు తగిలాయి. తుపాకీ చప్పుడు తర్వాత ఇల్లంతా నిశ్శబ్దమైపోయినప్పుడు, ఆ రేకు డబ్బా చిల్లుల్లోంచి బియ్యం గచ్చు మీదికి సన్నగా కారుతున్న శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అదే తుపాకీ తర్వాత వారసత్వంగా నా పేరుకు మారింది. 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారం లైసెన్సుదారు మరణించినప్పుడే కాక, ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు ఆయన వద్ద ఉన్నా, వారసులు తమ పేరున లైసెన్సు కోరవచ్చు. ఊళ్లో తోటకు సరిపోయిన ఆ తుపాకీ ఎంవీపీ కాలనీలోని నా మూడో అంతస్తు ఫ్లాటుకు సరిపోతుందా అన్న ప్రశ్న నాకు అప్పుడే ఎదురైంది.

దారం పట్టి ఇల్లు కొలవడం

తాపీ మేస్త్రీలు వాడే నైలాన్ దారం ఒక ఉండ కొనండి. మీరు రాత్రి పడుకునే గది గుమ్మం దగ్గర, మీ భుజం ఎత్తున, ఒక కొస కట్టండి. రెండో కొస పట్టుకుని, దొంగ లోపలికి రాగల ప్రతి చోటికీ నడవండి: ప్రధాన ద్వారం, బాల్కనీ తలుపు, వంటగది వెనుక వాష్ ఏరియా, పైపులు ఎక్కి రాగలిగితే బాత్రూమ్ వెంటిలేటర్. దారం బిగువుగా లాగి, అది ఏ తలుపును, ఏ గోడను తాకుతుందో చూసి, ఆ గోడకు అవతల ఏముందో కాగితం మీద రాసుకోండి. ఈ పని పగలు ఒకసారి, రాత్రి అందరూ పడుకునే వేళ మరొకసారి చేయాలి, ఎందుకంటే పగలు ఖాళీగా ఉండే చోటే రాత్రి మనుషులు పడుకుంటారు.

నేను ఈ పని చేసిన రోజు నా దారం పడకగది గుమ్మం నుంచి హాలు మీదుగా సరిగ్గా ప్రధాన ద్వారం మధ్యకు వెళ్లింది. తలుపు తీసి చూశాను. నాలుగడుగుల కారిడార్, దాని అవతల ఎదురింటి తలుపు. ఆ తలుపు వెనుక హాల్లో, ఫ్యాను కింద మడత మంచం వేసుకుని ఎదురింటి మామ్మగారు పడుకుంటారు. మా రెండు తలుపులూ ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫ్లష్ తలుపులే. ఇంటి రక్షణకు తగినదని అమ్మే ఏ తూటా అయినా అలాంటి తలుపును దాటుతుంది. అంటే మా ఇంట్లో అత్యంత సహజమైన గురి, అంటే ముఖద్వారం గుండా వచ్చేవాడి మీద పెట్టే గురి, నేరుగా ఆమె మంచం మీదికి వెళుతోంది. నేను నిలబడే చోటును పడకగది గుమ్మం నుంచి మూడడుగులు ఎడమకు, బీరువా పక్కకు మార్చుకున్నాను. అక్కడి నుంచి ముఖద్వారం వైపు గురి ఏటవాలుగా లిఫ్టు గోడకు, అంటే కాంక్రీటుకు, వెళుతుంది. ఈ మూడడుగుల మార్పు ఏ ఖరీదైన ఆయుధమూ ఇవ్వలేని భద్రతను ఇచ్చింది.

మన ఊరి ఇళ్లలో ప్రత్యేకంగా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కుటుంబం సాధారణంగా సెల్లార్‌లో మెట్ల పక్క గదిలో ఉంటుంది, వేసవిలో వారు బయటే పడుకుంటారు. మెట్ల మీదికి, కిందికి వెళ్లే గురి వారి వైపు వెళుతుంది. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి పాల ప్యాకెట్లు, పేపర్లు వేసే కుర్రవాళ్లు ప్రతి అంతస్తులో తలుపుల ముందు తచ్చాడుతుంటారు, కాబట్టి ఆ వేళ తలుపు దగ్గర అలికిడి వినపడితే అది పిల్లవాడేనని ముందు అనుకోవాలి. హనుమంతవాక, ఆరిలోవ వంటి కొండవాలు ప్రాంతాల్లో పై ఇంటి గచ్చు కింది ఇంటి కప్పుతో సమంగా ఉంటుంది, మీ కిటికీ ఎదురుగా చీకటిలా కనిపించేది పక్కవారి రేకుల పైకప్పు కావచ్చు. సముద్రం వైపు ఇల్లు ఉన్నవారు బాల్కనీ దిశ ఖాళీయే కదా అనుకుంటారు. కానీ జాలరిపేట, పెదజాలరిపేట తీరంలో వేటకు వెళ్లేవారు అర్ధరాత్రి దాటగానే పడవల దగ్గరికి చేరతారు.

ఏ గోడ ఏమి ఆపుతుంది

కాంక్రీటు స్తంభాలు, దూలాల మధ్య ఇటుక నింపి కట్టిన ఇళ్లే నగరంలో ఎక్కువ. బయటి గోడ తొమ్మిది అంగుళాలు, లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలు ఉండటం పరిపాటి. రెండు వైపులా సిమెంటు పూత పూసిన తొమ్మిది అంగుళాల ఇటుక గోడ పౌరులు పొందగల చేతి ఆయుధాలకు, పన్నెండు బోర్ పెల్లెట్లకు చాలినంత అడ్డు. గట్టిగా కట్టిన నాలుగున్నర అంగుళాల గోడ కూడా రివాల్వర్లలో వాడే .32 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) సీసపు గుండును మామూలుగా ఆపుతుంది. అయితే ఇక్కడే ఒక విషయం దాగి ఉంది, దానిని చాలామంది గమనించరు. ఎలక్ట్రీషియన్ స్విచ్ బోర్డు పెట్టెను గోడలోకి దించడానికి గోడను రెండంగుళాలకు పైగా తొలుస్తాడు. అవతలి గదిలో కూడా అదే చోట బోర్డు ఉంటే, రెండు పెట్టెల మధ్య మిగిలేది పలుచని పూత మాత్రమే. పైపుల కోసం, వైర్ల కోసం నిలువుగా కొట్టిన గాడులు కూడా ఇటువంటివే. మా ఇంట్లో స్విచ్ బోర్డు పలక ఒకటి విప్పించి, వెనుక గోడను పెన్సిల్‌తో తట్టి చూస్తే డొల్లగా మోగింది. ఆ రోజు వరకు నేను ఆ గోడను గోడగానే లెక్కపెట్టుకున్నాను.

మధురవాడ వైపు గత కొన్నేళ్లలో లేచిన అపార్ట్‌మెంట్లలో తేలికపాటి ఏఏసీ బ్లాకులు, ఇతరత్రా బొగ్గు బూడిదతో చేసిన ఫ్లైయాష్ ఇటుకలు, బోలు కాంక్రీటు బ్లాకులు విరివిగా కనిపిస్తాయి. ఏఏసీ బ్లాకు గాలి బుడగలతో నిండినది, నీటిలో తేలేంత తేలిక. వేడిని, శబ్దాన్ని ఆపడంలో అది మంచిదే, గుండును ఆపే విషయంలో మాత్రం దానిని ఇటుకతో సమానంగా చూడకండి. బోలు బ్లాకులో కాంక్రీటు మందం పైపెంకు మేరకే ఉంటుంది. జిప్సం బోర్డు, ప్లైవుడ్ పార్టిషన్, పీవీసీ బాత్రూమ్ తలుపు, అల్యూమినియం కిటికీ, ఇవేవీ అడ్డు కావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు గాలికే పగిలిపోయిన కిటికీ అద్దాలను చూసినవారికి అద్దం గురించి వేరే చెప్పనక్కరలేదు. మీ ఇంటి గోడ దేనితో కట్టారో తెలియకపోతే, పూత దాటి లోపలికి మేకు కొట్టినప్పుడు రాలే పొడి రంగు చూడండి: ఎర్రగా ఉంటే మట్టి ఇటుక, బూడిదరంగులో గట్టిగా ఉంటే ఫ్లైయాష్ లేదా కాంక్రీటు, తెల్లగా మెత్తగా రాలితే ఏఏసీ.

కాంక్రీటు గుండును ఆపుతుంది కానీ, ఏటవాలుగా తగిలిన గుండు దాని వెంబడి జారి ముందుకు పోతుంది. సన్నని కోణంలో తగిలితే అది గోడకు దగ్గరగా, గోడను అంటిపెట్టుకున్నట్టే ప్రయాణిస్తుంది. అందుచేత పొడవాటి కారిడార్‌లో గోడకు ఆనుకుని నిలబడటం రక్షణ కాదు, మీ కుటుంబ సభ్యులను కూడా అలా నిలబెట్టకూడదు.

చట్టం ఏది కొననిస్తుంది

ఆయుధ చట్టం 1959 కింద, 21 ఏళ్లు నిండినవారికే తుపాకీ లైసెన్సు లభిస్తుంది. 2019 సవరణ తర్వాత ఒక్కరి పేరున ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది, లైసెన్సు కాలపరిమితి మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. విశాఖ పోలీసు కమిషనరేట్ పరిధిలో ఉన్నవారికి లైసెన్సు ఇచ్చే అధికారి పోలీసు కమిషనర్. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అనకాపల్లి జిల్లా వంటి చోట్ల నివసించేవారు జిల్లా మెజిస్ట్రేటు హోదాలో కలెక్టరుకు దరఖాస్తు చేసుకోవాలి. ముప్పు ఉన్నదన్న కారణం, పోలీసు విచారణ, సురక్షితంగా వాడటంలో శిక్షణ, ఆయుధాన్ని భద్రంగా దాచే ఏర్పాటు, ఇవన్నీ పరిశీలనలోకి వస్తాయి.

ఒక విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. చట్టంలోని 13వ సెక్షన్, ఆత్మరక్షణకు గానీ క్రీడకు గానీ కోరే ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం గల, ఆ గొట్టం లోపల గాడులు లేని నున్నని బోర్ తుపాకీని, అంటే మామూలు పన్నెండు బోర్ తుపాకీని, మిగతావాటి నుంచి వేరుచేసి చూస్తుంది. మిగతా ఆయుధాలకు తగిన కారణం ఉన్నదని అధికారి తృప్తిపడాలి. 9 మిల్లీమీటర్లు, .303, .455 వంటివి నిషిద్ధ బోర్ల కిందికి వస్తాయి, సాధారణ పౌరులు వాటి గురించి ఆలోచించనవసరం లేదు. కాబట్టి మన ముందున్న ఎంపిక ఆచరణలో నాలుగింటికే పరిమితం: .22, .32 రివాల్వర్ లేదా పిస్టల్, .315 రైఫిల్, పన్నెండు బోర్.

నాలుగింటిలో ఏది

.315 రైఫిల్‌ను నగరంలో ఇంటి రక్షణకు ఎవరూ ఎంచుకోకూడదు. పెద్ద జంతువుల వేటకు, దూరపు గురికి చేసిన ఆయుధం అది. దాని గుండు తలుపులను, పార్టిషన్లను లెక్కచేయదు, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను దాని ముందు నమ్ముకోలేము, బహిరంగంలోకి పోతే కిలోమీటర్ల దూరం వెళుతుంది. ఇప్పటికే వారసత్వంగా ఉన్నవారు దానిని ఇంటి రక్షణ లెక్కలోకి తీసుకోవద్దు.

.22 గురించి ఒక అపోహ ఉంది. చిన్నది కాబట్టి పక్కవారికి ప్రమాదం లేదని అనుకుంటారు. దాని శక్తి తక్కువన్నది నిజమే, కానీ కిటికీలోంచి బయటకు పోతే ఆ చిన్న గుండు కూడా కిలోమీటరుకు పైగా వెళ్లగలదు. పైగా దాడి చేసేవాడిని వెంటనే ఆపే శక్తి లేకపోవడం వల్ల మనిషి మళ్లీ మళ్లీ పేలుస్తాడు, అప్పుడు గురితప్పే గుండ్ల సంఖ్య పెరుగుతుంది. పక్కవారి భద్రత దృష్ట్యా పేల్చిన ప్రతి గుండుకూ లెక్క ఉండాలి, అందుచేత తక్కువ సార్లు పేల్చవలసి రావడం కూడా భద్రతే.

.32 బోర్‌లో కాన్పూర్ తయారీ ఆరు తూటాల రివాల్వర్లు చిరకాలంగా దొరుకుతున్నాయి. 2014లో తేలికపాటి నిర్భీక్, 2023లో ప్రబల్ వచ్చాయి. పాత నమూనాలు మధ్యకు విరిచి తూటాలు నింపేవి, ప్రబల్‌లో మాత్రం సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. వీటిని తయారుచేసే ప్రభుత్వ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు 2021 అక్టోబరులో ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడిపోయిన తర్వాత చిన్న ఆయుధాలు కాన్పూర్‌లోని అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి, తూటాలు పుణెలోని మ్యూనిషన్స్ ఇండియా కిందికి వచ్చాయి. రివాల్వర్‌లో వాడే పొడవాటి .32 తూటాలోని సీసపు గుండు బరువుగా, నెమ్మదిగా వెళుతుంది. పిస్టల్ తూటాలోని గుండు దానికంటే తేలిక, వేగం ఎక్కువ, పైన గట్టి లోహపు తొడుగు ఉంటుంది. తొడుగు ఉన్న గుండు ఆకారం చెడకుండా చెక్కలోంచి సాఫీగా దూసుకుపోతుంది. ఇటుక, కాంక్రీటు తగిలినప్పుడు మెత్తని సీసం నలిగి శక్తి కోల్పోయే అవకాశం ఎక్కువ. ఇరుకు ఫ్లాటుకు ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే నేను రివాల్వర్ వైపే మొగ్గుతాను. దానికి మరో కారణం ట్రిగ్గర్. సుత్తిని ముందుగా లాగి పెట్టకపోతే రివాల్వర్ ట్రిగ్గర్ పొడవుగా, బరువుగా లాగవలసి ఉంటుంది, భయంతో వణికే వేలు దానిని పొరపాటున పూర్తిగా లాగడం కష్టం. అదే బరువు గురిని పక్కకు లాగుతుంది కూడా. అందుచేత సాధన లేనివాడి చేతిలో పొట్టి గొట్టపు రివాల్వర్ అయిదు మీటర్ల దూరంలో కూడా గురితప్పుతుంది. ఏడాదికి కొన్నిసార్లయినా కాల్పుల సాధన చేసే రేంజ్‌కు వెళ్లలేనివారు రివాల్వర్ తీసుకోకూడదని చెప్పడానికి నేను వెనుకాడను. తేలిక రివాల్వర్ జేబుకు సుఖమే కానీ, చేతిలో ఎక్కువగా తన్నుతుంది. ఇంట్లోనే ఉండే ఆయుధానికి బరువు దోషం కాదు.

పన్నెండు బోర్ విషయంలో ఎంపిక తుపాకీలో కంటే తూటాలో ఉంది. ఈ భాగాన్ని నిదానంగా చదవమని కోరుతున్నాను. దుకాణంలో ఎల్‌జీ, ఎస్‌జీ, బీబీ, 4, 6 అని రాసిన పెట్టెలు ఉంటాయి. ఇవి లోపలి పెల్లెట్ల పరిమాణాలు. ఎల్‌జీ పెల్లెట్ వ్యాసం దాదాపు 9 మిల్లీమీటర్లు, ఎస్‌జీ 8.4, బీబీ 4, నాలుగో నంబరు 3, ఆరో నంబరు రెండున్నర మిల్లీమీటర్ల చిల్లర. .32 గుండు వ్యాసం 8 మిల్లీమీటర్లకు లోపే. అంటే ఒక్క ఎస్‌జీ తూటా పేల్చడమంటే, .32 గుండు కంటే లావైన సీసపు గుండ్లు ఎనిమిదో తొమ్మిదో ఒకేసారి వదలడం. ఇంటి రక్షణ అనగానే దుకాణదారులు అలవాటుగా ఎల్‌జీ, ఎస్‌జీ చేతికిస్తారు. చుట్టూ తోటలు ఉన్న ఇంటికి అది తప్పు కాకపోవచ్చు, ఫ్లాటుకు మాత్రం అది తగదు. వాటిలో ఒక్క పెల్లెట్ పక్కకు పోయినా ఎదురింటి తలుపు దాటుతుంది.

చిన్న పెల్లెట్లు వేగాన్ని త్వరగా కోల్పోతాయి, గోడ పూత తగిలితే అక్కడే చితుకుతాయి. కానీ హాలు దూరంలో, అంటే నాలుగైదు మీటర్లలో, అవి ఇంకా విడిపోకుండా ఒక ముద్దగానే వెళతాయి కాబట్టి ప్రాణాంతకమే, ప్లైవుడ్ తలుపును కూడా చీల్చగలవు. వాటి లోపం లోతు. మందపాటి దుస్తులు, ఎముక అడ్డం వస్తే లోతుగా వెళ్లకపోవచ్చు. చలి దేశాలలో ఇది పెద్ద అభ్యంతరం, మన విశాఖలో నూలు చొక్కాలే కదా అని నేను ఆ అభ్యంతరానికి తక్కువ విలువ ఇస్తాను. అన్నీ తూచిన తర్వాత, పలుచని గోడల ఫ్లాటులో ఉండేవారికి నా సలహా బీబీ లేదా నాలుగో నంబరు. ఆపే శక్తి కొంత వదులుకుని పక్కింటివారి భద్రతను కొనుక్కోవడం ఇది, అలా వదులుకుంటున్నామని తెలిసే వదులుకోవాలి. స్వతంత్రమైన ఇల్లు, చుట్టూ తొమ్మిది అంగుళాల గోడ, మంచి ప్రహరీ ఉన్నవారు ఇంకాస్త పెద్ద పెల్లెట్ గురించి ఆలోచించవచ్చు. ఒకే గుండు ఉండే బాల్ తూటాను ఏ ఇంట్లోనూ వాడకూడదు.

పన్నెండు బోర్‌కు గురి అక్కరలేదు, పెల్లెట్లు గది నిండా పరుచుకుంటాయన్న మాట మన ఊళ్లలో చిరకాలంగా ఉంది. ఇది నిజం కాదు. అయిదు మీటర్లలో పెల్లెట్ల గుంపు జానెడు వెడల్పు కూడా ఉండదు. గురితప్పితే మొత్తం గుంపు గురితప్పుతుంది. కాబట్టి మీరు కొన్న తూటాను మీ తుపాకీతోనే, మీ హాలు పొడవు దూరంలో, రేంజ్‌లో ఒక పాత వార్తాపత్రిక మీద పేల్చి, చిల్లుల వెడల్పు కొలిచి, ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చుకోండి. దానిని దారం తాకిన గోడ మీద పట్టి చూస్తే మీ గురి ఎంత ఇరుకో కంటికి తెలుస్తుంది.

ఇక తుపాకీ ఆకారం. సంప్రదాయ డబుల్ బ్యారెల్ గొట్టాలు ఇరవై ఎనిమిది, ముప్పై అంగుళాలు ఉంటాయి. మూడడుగుల నడవాలో దానిని తిప్పడం కష్టం, తలుపు మూల దాటేటప్పుడు గొట్టం కొస ముందుగా అవతలికి పోతుంది, దొంగ దానిని పట్టుకోగలడు. అందుచేత అది నడిచి వెతకడానికి పనికిరాదు, ఒకచోట నిలబడి ఉండటానికే పనికివస్తుంది. నా దృష్టిలో అదే దాని సుగుణం. పొట్టి గొట్టం కావాలంటే ముందు పిడిని వెనక్కి లాగి తూటా మార్చే ఇరవై అంగుళాల పంప్ యాక్షన్ తుపాకులు దొరుకుతాయి. ఉన్నదానిని కోయించాలన్న ఆలోచన మాత్రం వద్దు, గొట్టం పొట్టిచేయడాన్ని చట్టంలోని 6వ సెక్షన్ నియంత్రిస్తుంది. నేను నాన్నగారి డబుల్ బ్యారెల్‌నే ఉంచుకున్నాను. రెండే తూటాలు కదా అని కొందరు అడుగుతారు. చుట్టూ ఇన్ని కుటుంబాలు ఉన్న చోట మూడో తూటా పేల్చవలసిన సందర్భం నాకు ఊహకు అందదు.

ఇంట్లో పిల్లలు ఉన్నవారికి, మతిమరపు ఉన్న పెద్దవారు ఉన్నవారికి, తీవ్రమైన మానసిక వేదనలో ఉన్న మనిషి ఉన్నవారికి నా సలహా వేరు: తుపాకీ తీసుకోవద్దు. లైసెన్సుతో ఇంట్లోకి వచ్చిన ఆయుధం మొదట గాయపరచగలిగేది ఆ ఇంటివారినే. గ్రిల్ తలుపు, లోపలి గడియ, వెలుగునిచ్చే సెన్సర్ దీపం, పడకగదికి గట్టి చెక్క తలుపు, చేతికందే ఫోను, ఇవి ఏ గోడనూ దాటి ఎవరికీ తగలవు. ఊరికి వెళ్లేవారి ఇళ్లకు ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్లపై నిఘా పథకం కింద కెమెరా ఏర్పాటు చేస్తారు, దానికి రుసుము లేదు.

కొన్న తర్వాత

దుకాణంలో ఆయుధాన్ని ఖాళీ చేయించి, చేతిలోకి తీసుకుని, వేలు ట్రిగ్గర్‌కు అందుతుందో, రాత్రి కళ్లద్దాలు లేకుండా ముందు గురిపుల్ల కనిపిస్తుందో చూసుకోండి. ఇంట్లో దానిని గోడకు బిగించిన ఇనుప పెట్టెలో, తూటాలను వేరే తాళంలో ఉంచండి. తూటాలు తీసేటప్పుడు గొట్టం ఎటు చూపాలో ముందే నిర్ణయించుకోండి. మా ఇంట్లో దానికి బాల్కనీ మూలలోని కాంక్రీటు స్తంభం ఉంది, దాని అడుగున ఇసుక నింపిన పాత పెయింట్ డబ్బా పెట్టాను, ప్రతిసారీ గొట్టం దానివైపే ఉంటుంది. నాన్నగారి వసారాలో అటువంటిది ఒకటి ఉండి ఉంటే ఆ రాత్రి గడిచే తీరు వేరుగా ఉండేది.

అలికిడి వినపడితే చేయవలసినది వెతకడం కాదు. కుటుంబాన్ని ఒకే గదిలోకి చేర్చి, తలుపు వేసి, 112కు ఫోను చేసి, మీరు ముందే ఎంచుకున్న చోట నిలబడాలి. ఆయుధంతో పాటు టార్చి తప్పనిసరి, ముఖం గుర్తుపట్టకుండా ఎవరి మీదా గురి పెట్టకూడదు. రాత్రి రైలు ఎక్కవలసిన కొడుకు అది తప్పిపోయి తిరిగిరావచ్చు. ఇంట్లో అందరికీ తెలిసిన ఒక పలకరింపు మాట పెట్టుకోండి, లోపలికి వచ్చే ఇంటిమనిషి ఆ మాట అంటాడు. తాగి తలుపు తప్పు తట్టే పొరుగువాడు దొంగ కాదు. పారిపోతున్నవాడి మీద, కిటికీలోంచి, బాల్కనీలోంచి, మెట్ల మీదుగా ఎన్నడూ పేల్చకూడదు. గాలిలోకి హెచ్చరికగా పేల్చడం కూడా తప్పే, పైకి పోయిన గుండు ఎక్కడో ఒకచోట కిందికి వస్తుంది. పెళ్లిళ్లలో, పండుగల్లో సంబరంగా పేల్చి ఇతరులకు ప్రమాదం తెచ్చేవారికి 2019 సవరణ రెండేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించింది.

చట్టం ఈ పక్కవారి విషయాన్ని స్పష్టంగానే పట్టించుకుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కుకు సంబంధించినవి. అవసరానికి మించిన హాని చేయరాదని, పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే ఈ హక్కు వర్తించదని 37వ సెక్షన్ చెబుతుంది. ప్రాణభయం కలిగించే దాడిలో, నిర్దోషికి హాని కలిగే ప్రమాదం లేకుండా తనను తాను కాపాడుకోలేని స్థితి ఉంటే, ఆ ప్రమాదానికి సిద్ధపడే హక్కు 44వ సెక్షన్ ఇస్తుంది. ఆ వెసులుబాటు ప్రాణం మీదికి వచ్చిన దాడికే, టీవీ ఎత్తుకుపోతున్నవాడి విషయంలో దానిని ఆశ్రయించలేము. నిర్లక్ష్యం వల్ల మరొకరి ప్రాణం పోతే 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు శిక్ష ఉంటుంది. లైసెన్సు చేతికి వచ్చిన వారంలోనే ఒక క్రిమినల్ న్యాయవాదితో కూర్చుని ఈ సెక్షన్లు చదివించుకోవడం మంచిది.

మన సముద్రపు గాలి గురించి చివరగా చెప్పాలి. బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్లలో నూనె ఆరిన ఇనుముకు నెల తిరగకముందే గోధుమరంగు మచ్చలు వస్తాయి. తుప్పు పట్టిన గొట్టం, చెమ్మెక్కిన తూటా పక్కవారికీ ప్రమాదమే, ఎందుకంటే సరిగా పేలని తూటా గొట్టంలోనే గుండును వదిలేస్తే తర్వాతిది గొట్టాన్ని చీలుస్తుంది. నెలకోసారి తుడిచి సన్నగా నూనె పట్టించండి, పెట్టెలో సిలికా జెల్ సంచి ఉంచండి, తోలు ఒరలో దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. తూటా ఇత్తడి మీద పచ్చదనం కనిపించినా, ప్లాస్టిక్ గొట్టం ఉబ్బినా దానిని వాడకుండా దుకాణదారుకు అప్పగించండి. ఎన్నికల ప్రకటన వెలువడినప్పుడు పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న దుకాణంలో గానీ జమచేసిన ఆయుధం కొన్ని వారాల తర్వాత తిరిగివస్తుంది. ఇంటికి తేగానే ఇసుక డబ్బా వైపు గొట్టం పెట్టి తెరిచి, వెలుతురుకు ఎదురుగా లోపలికి చూసి, శుభ్రం చేసిన తర్వాతే ఇనుప పెట్టెలో పెట్టండి. ఆ వ్యవధిలో పక్క ఫ్లాటులోకి అద్దెకు ఎవరైనా కొత్తగా దిగి ఉంటే, వారి పిల్లల మంచం ఏ గోడవారన వేశారో అడిగి తెలుసుకుని, దారం ఉండ మళ్లీ బయటకు తీయండి.